పుషప్‌లు యాభై తీసినా భుజం ఎందుకు నొస్తోంది?

2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ ఆర్చరీకి తొలిసారి చోటు దక్కింది. అదీ మిక్స్‌డ్ టీమ్ విభాగంలో మాత్రమే. అయినా బెజవాడకు ఇది చిన్న వార్త కాదు. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖది ఈ ఊరే, ఆమె ఆడేది కాంపౌండే. పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ టీమ్‌లో అంకితా భకత్‌తో కలిసి నాలుగో స్థానంలో నిలిచిన బొమ్మదేవర ధీరజ్ కూడా ఇక్కడివాడే. కంకిపాడు, పెనమలూరు, ఉయ్యూరు వైపు ఇళ్లలో ‘మావాడిచేత కూడా విల్లు పట్టిద్దామా’ అన్న మాట వినిపిస్తే ఆశ్చర్యం లేదు. అయితే అంతకన్నా ముందు చూసుకోవాల్సింది ఒకటుంది: పిల్లల భుజం ఎంత నిలకడగా ఉంది? బలం సంగతి తర్వాత.

కాంపౌండ్ విల్లును లాగడానికి పట్టే బరువు 60 పౌండ్లు, అంటే సుమారు 27 కిలోలు దాటకూడదన్నది నిబంధన. పూర్తిగా లాగాక చక్రాల వల్ల ఆ భారం చాలావరకు తగ్గుతుంది. అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. 50 మీటర్ల దూరంలోని గురి మీద చెయ్యి వణకకుండా ఆగాలి. అర్హత రౌండులో ఇలా 72 బాణాలు వేయాలి. నడుము కొంచెం వంగినా, భుజం చెవి వైపు లేచినా బాణం దారి తప్పుతుంది. అదే తప్పు రోజూ జరుగుతుంటే భుజం దెబ్బతింటుంది.

ఇదంతా భుజం కట్టుబడి వల్లే. తుంటి కీలులో బంతి లోతైన గిన్నెలో కూర్చుంటుంది. భుజంలో అలా కాదు, సాసర్‌లో పెట్టిన నిమ్మకాయలా ఉంటుంది. అది జారకుండా పట్టి ఉంచేవాటిలో ముఖ్యమైనవి రొటేటర్ కఫ్ అనే నాలుగు చిన్న కండరాలు. ఆ సాసర్ ఉండేది రెక్క ఎముక మీద. ఆ ఎముక వీపుకు అతుక్కుని ఉండేది దాదాపు కండరాల పట్టుతోనే. అందుకే నడుము, పొట్ట చుట్టూ ఉండే కోర్ కండరాలు కదిలిపోతుంటే భుజం ఒక్కటీ గట్టిగా నిలబడలేదు.

విల్లు పట్టని వాళ్లకూ ఇది వర్తిస్తుంది. ఇంటర్‌లో చేరాక చాలాచోట్ల ఆటల పీరియడ్ టైంటేబుల్‌లోంచే మాయమవుతుంది. రెండేళ్లు బెంచీ మీద వంగి కూర్చున్న కుర్రాడు ఇంజినీరింగ్‌లో చేరగానే జిమ్‌కు వెళ్తాడు. అద్దంలో కనిపించే ఛాతీ, కండలు పెంచుతాడు. అద్దంలో కనపడని వీపును వదిలేస్తాడు. పుషప్‌ల లెక్క పెరుగుతుంది, భుజం ముందుకు వంగిపోతుంది. స్కూలు ఫిట్‌నెస్ పరీక్షల్లోనూ పుషప్‌లు ఎన్ని తీశారన్నదే చూస్తారు, ఎలా తీశారన్నది కాదు.

ఇంట్లోనే చూసుకోవచ్చు

మొదటిది సైడ్ ప్లాంక్. ఒక పక్కకు తిరిగి, మోచేయి, పాదాల మీద శరీరాన్ని కర్రలా లేపి ఉంచాలి. తుంటి కిందికి జారగానే సమయం ఆపేయాలి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన స్టువర్ట్ మెక్‌గిల్ బృందం 1999లో ప్రచురించిన కొలతల్లో ఆరోగ్యవంతులైన యువకుల సగటు కుడివైపు 94, ఎడమవైపు 97 సెకన్లు. యువతులకు 72, 77. ఆ అంకెను అందుకోలేదని దిగులు పడక్కర్లేదు. రెండు వైపులకూ మధ్య తేడా ఎంతన్నదే ముఖ్యం. రెండు మూడు సెకన్లయితే పట్టించుకోనక్కర్లేదు. పది, పదిహేను సెకన్ల తేడా ప్రతిసారీ వస్తుంటే తక్కువ ఉన్న వైపు పని పెట్టాలి.

రెండోది భుజానికి. నేల మీద మూడడుగుల దూరంలో రెండు టేపులు అంటించండి. హాల్లో రెండడుగుల టైల్స్ ఉంటే ఒకటిన్నర టైలు. పుషప్ భంగిమలో చెరో టేపు మీద చెరో చెయ్యి పెట్టి, ఒక చేత్తో రెండో చేతిని తాకి, తిరిగి తన చోట పెట్టాలి. తర్వాత రెండో చేత్తో. 15 సెకన్లలో ఎన్నిసార్లు తాకారో లెక్కపెట్టాలి. 45 సెకన్ల విరామంతో మూడుసార్లు చేసి సగటు తీయాలి. అమ్మాయిలు మోకాళ్లు ఆన్చి చేయొచ్చు. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద జరిగిన ఓ అధ్యయనంలో 21 కన్నా తక్కువ వచ్చినవారికి భుజం గాయాలు ఎక్కువయ్యాయి. అది కొద్దిమందిపై చేసిన అధ్యయనం, వాళ్ల ఆట కూడా వేరు. కాబట్టి 19 వచ్చిందని బెంగ వద్దు. పక్కన నిలబడి అమ్మో నాన్నో చూడాల్సింది వేరే ఉంది: చెయ్యి లేపినప్పుడు నడుము ఊగుతోందా? రెక్క ఎముక వీపు మీద పైకి పొడుచుకొస్తోందా? ఒకసారి ఫోన్‌లో వీడియో తీస్తే వాళ్లకే తెలుస్తుంది.

భుజం నొప్పి ఉన్నవాళ్లు, ఎప్పుడైనా కీలు తప్పినవాళ్లు ఈ పరీక్షలు సొంతంగా చేయకూడదు.

సాధన సంగతి

ఐదు నిమిషాల ప్లాంక్ రీల్‌కు బాగుంటుంది, భుజానికి దానితో పెద్దగా పనిలేదు. సైడ్ ప్లాంక్‌ను పది సెకన్ల చొప్పున ఆపి ఆపి చేయడం మేలు. నాలుగు కాళ్ల భంగిమలో కుడి చెయ్యి, ఎడమ కాలు ఒకేసారి చాచి, నడుము కదలకుండా ఆపాలి. తర్వాత రెండో జత. రబ్బరు బ్యాండును కిటికీ ఊచకు కట్టి, రెక్క ఎముకలు రెండూ దగ్గరకొచ్చేలా లాగాలి. గోడ పుషప్‌లో చేతులు చాచాక భుజాలను ఇంకో అంగుళం ముందుకు నెట్టాలి. వారానికి మూడు రోజులు, ఆరు నుంచి ఎనిమిది వారాలు చేసి, అవే పరీక్షలు మళ్లీ పెట్టుకోండి. జిమ్‌లో ఛాతీకి ఒక వ్యాయామం చేస్తే వీపుకు కనీసం ఒకటి ఉండాలి.

ఆర్చరీలో చేర్పించాలనుకునే తల్లిదండ్రులు ఫీజు అడిగేటప్పుడే, మొదటి నెలల్లో ఏం చేయిస్తారో కూడా అడగాలి. రబ్బరు బ్యాండు, తేలికైన విల్లుతో మొదలుపెడతామంటే మంచిదే. మొదటి వారంలోనే బరువైన విల్లు చేతికిచ్చే చోటు నుంచి నేనైతే పిల్లల్ని వెనక్కి తీసుకొస్తాను.

రాత్రిపూట నిద్ర చెడగొట్టే నొప్పి, చెయ్యి పైకి లేవకపోవడం, వేళ్లకు తిమ్మిరి, కీలు జారినట్టు అనిపించడం... వీటిలో ఏదున్నా వ్యాయామం ఆపేసి ఎముకల డాక్టర్‌ను కలవాలి. ఇవేవీ లేకుండా రెండు వారాలకు మించి నొప్పి వేధిస్తుంటే ఫిజియోథెరపిస్టుకు చూపించండి.