మిల్లింగ్ మెషిన్ ఒక్కటే కొంటే చాలదు

1941లో ఓడల కార్ఖానాకు పునాదిరాయి పడిన నాటినుంచీ విశాఖ ఇనుముతో పనిచేసే ఊరే. డాక్‌యార్డు, బీహెచ్‌పీవీ, ఉక్కు ఫ్యాక్టరీ తరాల తరబడి ఫిట్టర్లను, టర్నర్లను తయారుచేశాయి. ఆ పని వచ్చినవారెవరైనా పెందుర్తిలో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి సొంతంగా మిల్లింగ్ మెషిన్ పెట్టుకుంటామంటే సాయపడాల్సిందే. కానీ ఉన్న డబ్బంతా మెషిన్‌కే పోసి ‘మిగతా సామాను తర్వాత చూద్దాం’ అనుకోవడం పెద్ద పొరపాటు. మెషిన్ తనంతట తాను చేసేది కట్టర్‌ను తిప్పడం, బల్లను జరపడం, అంతే. జాబ్‌ను కదలకుండా పట్టేవి వైస్, క్లాంపులు, టి-బోల్టులు. కట్టర్‌ను గట్టిగా పట్టేది కాలెట్. అంతా తిన్నగా ఉందో లేదో చెప్పేది డయల్ గేజ్. వైస్ బిగించాక గేజ్ మొనను కదలని దవడకు ఆనించి బల్లను 100 మిల్లీమీటర్లు జరపండి. ముల్లు పది గీతలు తిరిగిందంటే, గీతకు 0.01 మి.మీ. చొప్పున దవడ 0.1 మి.మీ. వంకరగా ఉన్నట్టు. ఆ వంకర కంటికి ఆనదు. దానితో షాఫ్టుపై కోసిన గాడిలో కీ మాత్రం సరిగ్గా కూర్చోదు, షాఫ్టు వృథా.

జాబులు వచ్చినప్పుడే కొనుక్కోవచ్చు కదా అంటారు. చిల్లర సామాను విషయంలో నిజమే. వైస్, గేజ్, క్లాంపులు లేనిదే మొదటి జాబే సరిగా రాదు, రెండోది ఎవరిస్తారు? బిగింపు చాలని జాబ్ ఎగిరి మనిషికి తగిలే ప్రమాదమూ ఉంది. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్లు వచ్చాక, జాబ్‌ను సమాన భాగాలుగా తిప్పే డివైడింగ్ హెడ్ ఎందుకన్నది గట్టి ప్రశ్నే. వందల ముక్కలు ఒకేలా కావాలంటే సీఎన్‌సీయే మేలు. కానీ పడవ వించ్‌లో విరిగిన 30 పళ్ల గేర్ ఒక్కటి కావాలంటే చిన్న షాపే దిక్కు. మామూలు డివైడింగ్ హెడ్‌లో హ్యాండిల్ 40 చుట్లు తిరిగితే జాబ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. కాబట్టి పన్నుకు ఒక చుట్టు, ఆపైన ప్లేటు మీది 18 రంధ్రాల వరుసలో ఆరు రంధ్రాలు. దానికి కంప్యూటర్ అక్కర్లేదు.

పనిముట్ల విలువ ప్రభుత్వానికి తెలియనిదేం కాదు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం కమ్మరి సహా 18 వృత్తులవారికి పనిముట్ల కోసం రూ.15 వేల వరకు ఇస్తోంది. మిల్లింగ్ పని ఆ జాబితాలో లేదు, చేర్చాలి. అప్పటిదాకా బ్యాంకులు మెషిన్‌తోపాటు ఈ సామానుకూ కలిపి అప్పివ్వాలి. కొనేవారికి ఒక్క మాట: కొటేషన్‌లో వైస్, డయల్ గేజ్, క్లాంపుల సెట్, కాలెట్లు లేకపోతే సంతకం పెట్టకండి.