పని తగ్గింది, కంచం తగ్గలేదు: లివర్‌కు పట్టిన కొవ్వు గురించి ఒక మాట



కడుపు స్కానింగ్ చేయించుకుని రిపోర్టు పట్టుకుని వచ్చేవారి నోట ఈ మధ్య తరచుగా వినబడే మాట "ఫ్యాటీ లివర్, గ్రేడ్ 1". గ్యాస్ అనో, రాళ్లున్నాయేమో అనో వచ్చినవారికి ఇది కొత్త మాట. ఆ తర్వాత వారు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "సారూ, దీనికి ఇంగ్లీషు మందు వద్దు, ప్రకృతి వైద్యంలో ఏమన్నా ఉందా?" ఇంటికి వెళ్లేసరికి చుట్టుపక్కల వారి సలహాలు సిద్ధంగా ఉంటాయి. ఒకరు నేల ఉసిరి పసరు తాగమంటారు. ఒకరు తిప్పతీగ కషాయం అంటారు. ఇంకొకరు పరగడుపున తేనె, నిమ్మరసం అంటారు.

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. నిజం చెప్పాలంటే ఈ జబ్బుకు మొదటి వైద్యం ప్రకృతి వైద్యమే. తిండి సరిచేసుకోవడం, నడవడం, బరువు తగ్గడం అన్నవే పెద్ద డాక్టర్లు కూడా ముందు రాసేవి. అయితే ఆ వైద్యం సీసాలోనో పొట్లంలోనో దొరకదు. అది మన వంటింట్లో బియ్యం కొలిచే డబ్బా దగ్గర మొదలవుతుంది. రోగి ఒక్కడే చేస్తే అది నిలవదు, ఇల్లంతా చేయాలి. ఈ రెండు మాటలు చెప్పడానికే ఈ వ్యాసం.

కొవ్వు ఎక్కడి నుంచి వచ్చింది?

"నేను నూనె ఎక్కువ తినను. మాంసం ఆదివారం ఒక్కరోజే. నాకు కొవ్వు ఎట్లా పట్టింది?" అని చాలామంది ఆశ్చర్యపోతారు. లివర్‌కు కొవ్వు పట్టడానికి కొవ్వే తినాలని లేదు. అన్నం, చక్కెర, బెల్లం, మైదా అన్నీ ఒంట్లోకి వెళ్లాక చక్కెరగా మారతాయి. కండరాలు ఖర్చు పెట్టగలిగినంత ఖర్చు పెడతాయి. మిగిలిన దానిలో కొంత భాగాన్ని లివర్ కొవ్వుగా మార్చి దాచుకుంటుంది. లివర్‌లో కొవ్వు 5 శాతం దాటితే దాన్ని ఫ్యాటీ లివర్ అంటారు. పొట్ట చుట్టూ కొవ్వు, షుగరు, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవారికి ఇది త్వరగా వస్తుంది. చూడటానికి సన్నగా ఉన్నవారికీ రావచ్చు.

చాలామందిలో ఇది ఏ బాధా పెట్టదు. అదే దీనిలోని ప్రమాదం. కొందరిలో లివర్ వాస్తుంది, తర్వాత మచ్చలు పడి గట్టిపడుతుంది, చివరికి సిర్రోసిస్‌కు, ఒక్కోసారి క్యాన్సరుకు దారితీస్తుంది. ఇంకో సంగతి, ఫ్యాటీ లివర్ ఉన్నవారిలో ఎక్కువ ప్రాణాలు తీసేది గుండె జబ్బు. కేంద్ర ప్రభుత్వం 2021లో షుగరు, బీపీ, గుండె జబ్బులు, క్యాన్సరు నివారణ కార్యక్రమంలో దీనిని కూడా చేర్చింది.

మన ప్రాంతం సంగతి

నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టులో నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లతో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి పొలాలయ్యాయి. మిర్యాలగూడ బియ్యం మిల్లులకు పేరు పొందింది. అంతకుముందు మెట్ట పొలాల్లో పండిన జొన్న, సజ్జలే చాలా ఇళ్లకు ఆధారం. గటక, జొన్నరొట్టె పేదవారి తిండి, వరి అన్నం పండుగ తిండి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక వరి అన్నం పేదల ఇంటికి కూడా రోజూ చేరింది. ఆకలి తీరింది. దానిని ఎవరూ తక్కువ చేసి మాట్లాడకూడదు. అంబలి తాగి పడుకున్న రోజులు మళ్లీ రావాలని నేను కోరుకోవడం లేదు.

కానీ ఈలోగా ఇంకొక మార్పు జరిగింది. దున్నడానికి ట్రాక్టరు వచ్చింది, కోతకు మిషను వచ్చింది, పొలానికి వెళ్లడానికి మోటారు సైకిలు వచ్చింది. నాట్లు వేసి, కోతలు కోసి, మోపులు మోసిన ఒంటికి కావలసిన అన్నమే, ఇప్పుడు అరుగు మీదో, కొట్టు మీదో, ఆఫీసులోనో కూర్చునే ఒంటికి కూడా పెడుతున్నాం. పని తగ్గింది, కంచం తగ్గలేదు. లివర్‌లో కొవ్వు అక్కడి నుంచే వచ్చింది.

ఒక చిన్న లెక్క చూద్దాం. 2025 ఉగాది నాడు మన పక్కనున్న హుజూర్‌నగర్‌లోనే రేషన్ సన్నబియ్యం పథకం ప్రారంభమైంది. మనిషికి నెలకు 6 కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకు 2000 కేలరీలు చాలిన మనిషికి బియ్యం, గోధుమ, జొన్న, ఇడ్లీ రవ్వ అన్నీ కలిపి 250 గ్రాములు చాలు. అంటే రేషన్ బియ్యంతోనే రోజు లెక్క చాలావరకు నిండుతోంది. దానిపైన పొలంలో పండిన బియ్యం, పొద్దున ఇడ్లీ, సాయంత్రం బిస్కెట్లు కలిపితే ఎంతవుతుందో మీ ఇంట్లోనే కొలిచి చూడండి. ఎండలో కష్టం చేసేవారికి ఇంకా ఎక్కువ కావాలి, వారి లెక్క వేరు.

హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల సంగతి కూడా ఇంతే. అక్కడి ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించగా 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఉన్నట్లు 2025లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. హైదరాబాదు విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి వారు కలిసి చేసిన పరిశోధన అది. ఇక్కడ అరుగు, అక్కడ కుర్చీ. తేడా అంతే.

కంచం ఎలా ఉండాలి?

సగం కంచం కూరగాయలు, ఆకుకూరలు. బీర, సొర, దొండ, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర ఏదైనా సరే. పావు భాగం పప్పు, శనగలు, పెసలు, గుడ్డు, చేప లేక చర్మం తీసిన కోడికూర. మిగిలిన పావు భాగమే అన్నం లేదా రొట్టె. మనం అన్నం పెట్టుకుని కూరను నంజుకుంటాం. దానిని తిరగేసి కూర తింటూ అన్నం నంజుకోవాలన్న మాట. రాత్రి ఒక పూట జొన్నరొట్టె మంచిదే. కానీ జొన్న, కొర్ర కదా అని నాలుగు రొట్టెలు ఎక్కువ తింటే లివర్‌కు తేడా తెలియదు.

తీపి విషయంలో మొహమాటం వద్దు. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో దాదాపు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. బెల్లం, తేనె కూడా చక్కెరే. పరగడుపున తేనె తాగితే లివర్ శుభ్రపడదు, లివర్‌కు ఇంకాస్త పని పెట్టినట్లవుతుంది. పండు తినండి, జ్యూసు వద్దు. మిర్చి బజ్జీలు, మైదా బిస్కెట్లు వారానికి ఒకసారికి తగ్గించండి. చక్కెర లేని కాఫీ తాగే అలవాటు ఉంటే మానవలసిన పని లేదు. కాఫీ తాగేవారిలో లివర్‌కు మచ్చలు తక్కువగా కనిపిస్తున్నాయని పరిశోధనలు చెబుతున్నాయి.

మందు, కల్లు పూర్తిగా మానాలి. "కొంచెమే సారూ" అన్న మాట కొవ్వు పట్టిన లివర్ దగ్గర చెల్లదు.

వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున, కాస్త ఆయాసం వచ్చేలా నడవండి. బరువు తగ్గకపోయినా నడకతో లివర్‌లో కొవ్వు కొంత తగ్గుతుంది. 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గితే కొవ్వు తగ్గడం మొదలవుతుంది. ఏడు కిలోలు తగ్గితే వాపు, మచ్చలు కూడా వెనక్కి తగ్గే అవకాశం ఉంది. అయితే తొందర వద్దు. నెలకు రెండు కిలోలు చాలు. కఠినమైన ఉపవాసాలతో ఒక్కసారిగా బరువు తగ్గితే లివర్‌కే చెడు జరగవచ్చు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు అన్నం తగ్గించే ముందు డాక్టరుకు తప్పక చెప్పాలి, లేకపోతే షుగరు పడిపోతుంది.

పసర్ల సంగతి

మన పెద్దలు పచ్చకామెర్లకు నేల ఉసిరి పసరు పోసేవారు, చాలామందికి తగ్గేది కూడా. నీటి వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు వచ్చింది. ఫ్యాటీ లివర్ అలా తనంతట తాను పోయే జబ్బు కాదు. ఏళ్ల తరబడి తిన్న తిండి వల్ల వచ్చింది, తిండి మారితేనే పోతుంది.

ఆకు కదా, హాని చేయదు అనుకోవద్దు. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ విపరీతంగా వాడిన కొందరికి లివర్ దెబ్బతిన్నదని ముంబయి డాక్టర్లు 2021లో వైద్య పత్రికలో రాశారు. "లివర్ క్లీనింగ్" అని అమ్మే పొడులలో ఏమి కలిపారో మనకు తెలియదు. ఏదైనా ఇప్పటికే వాడుతుంటే డాక్టరు దగ్గర దాచకండి. మేము తిట్టము.

కొత్త మందులు కూడా వచ్చాయి. అమెరికాలో 2024లో ఒకటి, 2025లో ఇంకొకటి అనుమతి పొందాయి. అవి మచ్చలు ముదిరినవారి కోసం, అదీ తిండి, నడకలతో పాటు వాడవలసినవి. గ్రేడ్ 1 వారికి కంచమే మందు.

ఇల్లంతా, సంఘమంతా

ఇప్పుడు అసలు కష్టం గురించి చెప్పాలి. "అన్నం తగ్గించండి" అని రాసి పంపిస్తాం. మూడు నెలలకు తిరిగి వచ్చినప్పుడు బరువు తగ్గి ఉండదు. ఎందుకని అడిగితే ఇంటాయన "ఇంట్లో వండింది తినాలి గదా" అంటాడు. ఇంటావిడ "తక్కువ పెడితే అలుగుతడు" అంటుంది. ఆమెకే ఫ్యాటీ లివర్ అయితే పరిస్థితి ఇంకా కష్టం. అందరూ తిన్నాక మిగిలిన అన్నం పారేయలేక ఆమే తింటుంది. తన కోసం వేరే కూర వండుకునే అమ్మను నేను ఇంతవరకు చూడలేదు. అందుకే రోగికి వేరే పథ్యం రాయడం నాకు ఇష్టం లేదు. ఇంటిల్లిపాదికీ ఒకే వంట ఉండాలి, అందులో కూర ఎక్కువ, బియ్యం తక్కువ. ఇంట్లో ఒకరికి వస్తే మిగిలినవారికీ వచ్చే అవకాశం ఎలాగూ ఉంది.

మన సంఘాల విషయం కూడా ఆలోచించాలి. ఇంటికి పాస్టరు గారు వస్తే కూల్‌డ్రింకు తెప్పిస్తాం. ప్రేమ విందు అంటే బిర్యానీ, దానిపై తీపి. వద్దంటే ప్రేమ లేదనుకుంటారేమోనని షుగరు ఉన్నవారు కూడా తింటారు. ప్రేమ చూపడానికి చల్లటి మజ్జిగ చాలదా? విందులో ఒక గిన్నె శనగల కూర, ఒక పళ్లెం దోసకాయ ముక్కలు పెడితే విందు తక్కువవుతుందా? మన స్త్రీల సమాజం వారు ఈ పని మొదలుపెడితే, నేను రాసే పది చీటీల కంటే అది ఎక్కువ పని చేస్తుంది.

చివరిగా ఒక జాగ్రత్త. స్కానింగులో రాసిన గ్రేడు కొవ్వు ఎంతో చెబుతుంది గాని మచ్చలు పడ్డాయో లేదో చెప్పదు. వయసు, రెండు లివర్ ఎంజైములు, ప్లేట్‌లెట్ల సంఖ్యతో వేసే ఒక సులువైన లెక్క ఉంది, మీ డాక్టరును అడగండి. హెపటైటిస్ బి, సి పరీక్షలు ఒకసారి చేయించుకోండి. కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, కాళ్లు వాచినా, రక్తపు వాంతి అయినా ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి రండి.

రేపు బియ్యం కడిగేటప్పుడు డబ్బాలో నుంచి ఒక గుప్పెడు తిరిగి పోసి, కూరలోకి ఒక కాయ ఎక్కువ తరగండి. మూడు నెలల తర్వాత బరువు చూసుకుని, మాకు చెప్పడానికి రండి.