గృహిణి అవధానము



గతమాసమున మా చిన్నవానికి జ్వరము వచ్చెను. 4 గంటలైనను గడువనిదే మరల ఈయరాదని వైద్యుడు చెప్పిన మందును చెంచాతో పోయుచుండగా ఫోను మ్రోగినది; పొయ్యిమీద పాలు పొంగినవి. తిరిగి వచ్చునప్పటికి మందు పట్టితినో లేదో జ్ఞప్తికి రాలేదు. మరల పోయబోవగా వాడే, “అమ్మా! ఇందాకనే త్రాగితిని గదా!” యనెను. నా గుండె ఝల్లుమనినది.

తిరుపతి వేంకటకవులు ఊరూర ప్రదర్శించిన అష్టావధానము అప్పుడు తలపునకు వచ్చినది. పృచ్ఛకులు ఎనమండుగురైనను అవధాని అందరి పద్యములను ఒక్కసారిగా చెప్పడు. ఒకరికి ఒక పాదము ముగించి, పిదపనే వేరొకరివంక తిరుగును. అప్రస్తుత ప్రసంగి నడుమ ఎంత వేధించినను, బదులు చెప్పి, విడిచిన చోటికే మరలివచ్చును.

మన యింట అప్రస్తుత ప్రసంగి ఫోనే! నాటినుండి మందువేళ దానిని వేరు గదిలో నుంచుచున్నాను. పొయ్యి ఆర్పిన పిమ్మటనే సీసా చేత బట్టుచున్నాను. మందు పట్టినంతనే వేళను గోడమీది క్యాలెండరుపై వ్రాయుచున్నాను. పనులెన్నియైనను చేతిలోని పాదము ముగించియే లేవవలెను.

అవధాని యేమరినచో పద్యమే చెడును. తల్లి యేమరినచో బిడ్డకే ముప్పు గదా!