ఝూలా కూడా హక్కే

మన ఖాందాన్‌లో నడవలేని బచ్చా ఉంటే వచ్చినవాళ్లంతా అడిగేది ఒకటే మాట: "ఏ డాక్టర్‌కి చూపిస్తున్నారు?" "వీడు ఎక్కడ ఆడుకుంటాడు?" అని అడిగినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. దవా గురించి ఫికర్ ఉంది, దువా ఉంది. ఆట ఊసే లేదు.

ఆటంటే టైంపాస్ కాదు భాయ్. మనిషి పడిపోకుండా నిలబడడానికి లోపలి చెవిలో ఒక ఏర్పాటు ఉంది. తల ఎటు వంగింది, ఎంత జోరుగా కదిలింది అనే ఖబర్ అది మెదడుకి పంపుతుంది. కళ్లు, కండరాలు, కీళ్లు పంపే ఖబర్‌ని దానికి జోడించి మెదడు ఒంటిని అదుపులో పెడుతుంది. మిగతా బచ్చేలు ఉరికి, పడి, లేచి, ఝూలా ఊగి రోజంతా ఈ మష్ఖ్ చేస్తూనే ఉంటారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బేటాకి, కండరాల్లో పట్టు లేని బేటీకి ఆ మౌకా ఎవరిస్తున్నారు? ఫిజియోథెరపీ ఉన్న కాసేపు తప్పితే మిగతా వక్త్ అంతా మంచమో, అమ్మీ ఒడో.

మా మొహల్లా పార్కులో ఝూలాలున్నాయి. రెండు గొలుసులు, ఒక పలక. గట్టిగా పట్టుకోలేని పిల్లలు అందులో కూర్చోలేరు. వీపుకి ఆనే ఎత్తు కుర్చీ, ఒంటికి బెల్టు పెడితే వాళ్లలో చాలామంది ఊగగలరు. పడుకుని ఊగే గిన్నె ఝూలాలున్నాయి. చక్రాల కుర్చీతో సహా ఎక్కి తిరిగే రంగులరాట్నాలున్నాయి. ఇసుకలో చక్రాలు కూరుకుపోతాయి కాబట్టి కింద రబ్బరు నేల కావాలి. ఇవన్నీ పరాయి ముల్కుల ముచ్చట్లు కావు. బెంగళూరు కోల్స్ పార్కులో కిలికిలి అనే సంస్థ చొరవతో అందరు బచ్చేలూ కలిసి ఆడుకునే జాగా తయారైంది.

ఖానూన్ కూడా మన వైపే ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సర్కారు నిధులో, గుర్తింపో ఉన్న బడులు చదువుతో పాటు ఆటల్లోనూ ఈ పిల్లలకు బరాబర్ అవకాశం ఇవ్వాలని చెప్పింది. కాబట్టి మనం అడుగుతున్నది ఖైరాత్ కాదు, హక్.

"పడితే జిమ్మేదారీ ఎవరిది?" అంటారు. సవాల్ సహీ. అందుకే ముందు ఫిజియోథెరపిస్టు సలహా తీసుకోవాలి. ఫిట్స్ వచ్చే పిల్లల్ని డాక్టర్‌ని అడక్కుండా జోరుగా తిప్పకూడదు. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో కొందరికి మెడ ఎముకల మధ్య కీలు వదులుగా ఉంటుంది, అడక్కుండా ట్రాంపొలిన్ ఎక్కించకూడదు. జాగ్రత్త పడడం వేరు, ఖౌఫ్‌తో నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టడం వేరు.

"పైసల్లేవు" అనేవాళ్లకి నా జవాబ్: షాదీలో ఒక్క రాత్రి లైటింగుకి పెట్టే ఖర్చు లెక్కేయండి. థెరపిస్టు కొలతలు చెబితే, కింద వంపు ఉన్న చెక్కపలకను మన వడ్రంగి చేసిస్తాడు. దాని మీద కూర్చుని అటూ ఇటూ ఒరుగుతూ తూకం నేర్చుకోవచ్చు. దానికి తోడు మెత్తటి పరుపులు, పెద్ద రబ్బరు బంతి. షాదీఖానాలో ఖాళీగా ఉండే ఒక గది చాలదా?

మొహల్లాలో ఇలాంటి బచ్చేలు ఉన్న నాలుగు ఘరానాలు కలిసి కార్పొరేటర్‌కి ఒక దరఖాస్తు ఇవ్వండి. బెల్టు ఉన్న ఝూలా ఒక్కటి అడగండి, చాలు. దాన్ని మాత్రం పార్కు మూలన విడిగా పెట్టనివ్వకండి. మిగతా ఝూలాల పక్కనే ఉండాలి. ఈ బచ్చేలకి తరస్ ఖావడానికి మనుషులు బహుత్ ఉన్నారు, పక్కన ఊగే దోస్తులే లేరు.