చుక్కలు చెప్పే భూగోళం

కొండమీద చల్లగా ఉంటుందని మీకందరికీ తెలుసు. అయితే ఎంత ఎత్తుకు ఎంత చలి? ఒక గ్రాఫు కాగితమూ, పెన్సిలూ తెచ్చుకుంటే ఈ సంగతి మనమే తేల్చుకోవచ్చు.

సముద్రమట్టంనుంచి ఊరి ఎత్తును అడ్డుగీతమీదా, ఏడాది సగటు ఉష్ణోగ్రతను నిలువుగీతమీదా గుర్తించండి. ఎత్తునే అడ్డంగా ఎందుకు వెయ్యాలి? కారణాన్ని అడ్డంగా, ఫలితాన్ని నిలువుగా వెయ్యడం ఆచారం. ఎత్తువల్ల చలి కలుగుతున్నది గాని, చలి పుట్టి ఊటీ కొండెక్కి కూర్చోలేదు గదా!

సముద్రపు ఒడ్డున ఉన్న చెన్నైలో సుమారు 29 డిగ్రీల సెంటీగ్రేడు. 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో 27. బెంగుళూరు 920 మీటర్లు, 24 డిగ్రీలు. కొడైకెనాల్ 2,100 మీటర్లు, 15 డిగ్రీలు. ఊటీ 2,240 మీటర్లు, 14 డిగ్రీలు. ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క చుక్క పెట్టండి.

పెట్టగానే చాలామంది పిల్లలు చుక్కలను వరుసగా కలిపేస్తారు. కలపకూడదు. ఒకే ఊరిలో ఎండ నెలనెలా ఎలా మారిందో చూపేటప్పుడు కలపవచ్చు. ఇవి వేరువేరు ఊళ్ళు. చుక్కల నడుమగా, కొన్ని పైన, కొన్ని కింద మిగిలేటట్టు స్కేలుతో ఒకే గీత గీయండి. అది కుడివైపుకు దిగుతుంది. కిలోమీటరు ఎత్తుకు దాదాపు ఏడు డిగ్రీల వేడి తగ్గుతున్నదన్నమాట. మన హార్స్‌లీ కొండ ఎత్తు సుమారు 1,300 మీటర్లు. గీతనుబట్టి చూస్తే అక్కడ 21 డిగ్రీల ప్రాంతంలో ఉండాలి.

ఇప్పుడు ఢిల్లీ చుక్క పెట్టండి: 216 మీటర్లు, 25 డిగ్రీలు. అయ్యో, అది గీతకు బాగా దిగువన ఒంటరిగా పడిందే! ఇలాంటప్పుడు గ్రాఫు అందం చెడుతుందని చుక్కను రబ్బరుతో తుడిచేవారున్నారు, మెల్లిగా గీతమీదికి జరిపేవారూ ఉన్నారు. అది దొంగలెక్క. అంకెలు మళ్ళీ సరిచూసుకోండి. సరిగానే ఉంటే చుక్కను ముట్టుకోక అట్లాసు తియ్యండి. తక్కిన ఐదు ఊళ్ళూ దక్షిణాన ఉన్నవి. ఢిల్లీ ఉత్తరాన, 28వ అక్షాంశం దాటి ఉన్నది. చలికాలంలో అక్కడ పగళ్ళు చిన్నవి, సూర్యకిరణాలు బాగా ఏటవాలుగా పడతాయి. జనవరి సగటు 14 డిగ్రీలకు దిగుతుంది. మే నెలలో ఎంత మండినా ఏడాది సగటును ఆ చలి కిందికి లాగేస్తుంది. ఎత్తు ఒక్కటే చూస్తే చాలదని మనకు చెప్పింది ఆ ఒంటరి చుక్కే.

షిల్లాంగు ఎత్తు సుమారు 1,500 మీటర్లు, సగటు 17 డిగ్రీలు. ఆ చుక్క గీతకు ఏ పక్కన పడుతుందో, ఎందుకు పడుతుందో మీ గ్రాఫులో వేసి చూడండి.