ప్రతి హాస్టల్ సిక్‌రూమ్‌లో ఒక మైనం డబ్బా ఉండాలి!

పళ్ళకు క్లిప్పులు వేయించుకున్న పిల్లల తల్లిదండ్రులకు, హాస్టల్ వార్డెన్లకు, దంతవైద్యులకు విన్నపం



మా అమ్మాయి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. కిందటేడు ఒక మంగళవారం రాత్రి క్లిప్పుల తీగ జారి, దాని కొస బుగ్గలో గుచ్చుకుంది. పిల్లల దగ్గర ఫోన్లుండవు. ఔటింగ్ ఆదివారమే. సిక్‌రూమ్‌లో జ్వరానికి మాత్రలున్నాయి, విరేచనాలకు మాత్రలున్నాయి, ఆ తీగకు మాత్రం ఏమీ లేదు. నాలుగు రోజులు మజ్జిగన్నం మింగుతూ గడిపింది. ఆదివారం డాక్టరుగారు ఆ కొస కత్తిరించడానికి రెండు నిమిషాలు పట్టలేదు. దాని మీద క్లిప్పులకు వాడే మైనం బఠాణీ గింజంత అద్దివుంటే బుగ్గ పుండయ్యేది కాదట. క్లిప్పులు వేసిన రోజున ఆ మాట చెప్పే ఉంటారు. ఆ కంగారులో మా చెవిన పడలేదు. ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది.

క్లిప్పులు సాధారణంగా ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు ఉంటాయి. డాక్టరు చూసేది నాలుగు నుంచి ఆరు వారాలకోసారి. మిగతా రోజులన్నీ పిల్లల నోరు ఇంటివాళ్ళ చేతిలోనో, హాస్టల్ వాళ్ళ చేతిలోనో ఉంటుంది. ఆ చేతులకు ఈ ఐదు సంగతులూ తెలిసి తీరాలి.

నొప్పి: తీగ బిగించిన కొన్ని గంటలకు మొదలై, మర్నాటికి ఎక్కువై, సాధారణంగా వారంలోపు తగ్గుతుంది. పళ్ళు కదులుతున్నందుకే ఆ నొప్పి. ఇడ్లీ, ఉప్మా, పప్పన్నం, పెరుగన్నం పెట్టండి. అవసరమైతే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ చాలు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకండి.

ఒరుపు, పుండ్లు: గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో అర చెంచా ఉప్పు కలిపి రోజుకు మూడు నాలుగుసార్లు పుక్కిలించాలి. ఒరుసుకునే చోట క్లిప్పును దూదితో తడి లేకుండా తుడిచి, మైనాన్ని ఉండగా చేసి అద్దాలి. తినేముందు, పళ్ళు తోముకునేముందు తీసేసి, తర్వాత కొత్తది పెట్టుకోవాలి. పొరపాటున మింగినా ప్రమాదం లేదు.

గుచ్చుకునే తీగ: పెన్సిల్ వెనకుండే రబ్బరుతో మెల్లగా పంటివైపు వంచాలి. వంగకపోతే మైనం అద్ది, డాక్టరుకు ఫోన్ చేయాలి.

ఊడిన బ్రాకెట్ (పంటికి అతికించే చిన్న ముక్క): తీగకు వేలాడుతుంటే లాగకండి, మైనంతో కదలకుండా ఆపండి. పూర్తిగా ఊడివస్తే చిన్న డబ్బాలో దాచి డాక్టరుకు చూపించండి. ఇంట్లో ఉన్న జిగురుతో ఎన్నడూ అతికించకండి. నొప్పిగా ఉందని చిగురు మీద మాత్ర నలిపి పెట్టడం, పొగాకు పెట్టడం వద్దు. అవి నోటిని కాలుస్తాయి.

వీటికి ఆగకూడదు: ముఖం వాచినా, జ్వరంతో చీము కనిపించినా, దెబ్బ తగిలి పన్ను కదిలినా, నెత్తురు ఆగకపోయినా అప్పటికప్పుడు డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి. ఊడిన ముక్క గొంతులోకి పోయి దగ్గు ఆగకపోయినా, ఊపిరి ఆడకపోయినా నేరుగా ఆసుపత్రికే, అది అర్ధరాత్రయినా సరే.

"వైద్యం మా పని కాదు" అని కొందరు వార్డెన్లు భయపడతారు. ఆ భయంలో తప్పులేదు. కానీ మోకాలు చీరుకుపోతే కడిగి కట్టు కట్టేది వార్డెన్లే కదా! మైనం అద్దడం అంతకంటే పెద్ద వైద్యం కాదు. దేనికి ఆగవచ్చో, దేనికి ఆగకూడదో రాసిన కాగితం గోడ మీద ఉంటే ఆ భయమూ ఉండదు.

అందుకే మేం కోరుతున్నవి ఇవి:

1. క్లిప్పులు వేసే ప్రతి దంతవైద్యుడూ తెలుగులో ఒక పేజీ సూచనలు, ఒక మైనం డబ్బా, అత్యవసరంలో పలికే ఫోన్ నంబరు ఇవ్వాలి. హాస్టల్ పిల్లలైతే వార్డెన్ కోసం రెండో ప్రతి కూడా ఇవ్వాలి.

2. గురుకులమైనా, ప్రైవేటు కాలేజీ అయినా ప్రతి హాస్టల్ సిక్‌రూమ్‌లో మైనం, దూది, ఉప్పు, మెత్తటి బ్రష్షు, చిన్న అద్దం ఉండాలి. ఇవేవీ ఖరీదైనవి కావు.

3. తీగ గుచ్చుకుంటోందని పిల్ల చెబితే ఆ రోజే ఇంటికి ఫోన్ చేయించాలి. డాక్టరు రమ్మంటే ఆదివారం కాకపోయినా పంపాలి.

4. తల్లిదండ్రులారా, చూడటానికి వెళ్ళినప్పుడు జంతికలు, పల్లీచిక్కీలు, చెరుకు ముక్కలు పట్టుకెళ్ళకండి. బ్రాకెట్లు ఎక్కువగా ఊడేది అలాంటివి కొరికినప్పుడే. అరటిపళ్ళు ఇవ్వండి. జామకాయ ఇస్తే సన్నగా తరిగి ఇవ్వండి. తిన్న ప్రతిసారీ పళ్ళు తోముకోమని చెప్పండి. క్లిప్పుల చుట్టూ పాచి నిలిస్తే, అవి తీశాక పంటి మీద తెల్లమచ్చలు మిగులుతాయి.

ఈ కాగితం చదివి పారేయకండి. ఈసారి హాస్టల్‌కు వెళ్ళినప్పుడు వార్డెన్ చేతిలో పెట్టండి, పక్కన ఒక మైనం డబ్బా కూడా పెట్టండి. మంగళవారం రాత్రి గుచ్చుకున్న తీగకు ఏ పిల్లా ఆదివారం దాకా ఏడవకూడదు.

ఇట్లు,
హాస్టల్లో చదువుకునే ఒక పిల్ల తల్లి