కడుగని పొగ

ఎరువుల కర్మాగారములలో అమోనియా తయారగుచోట నొక కట్టడి కలదు. బొగ్గుపులుసు వాయువును కడిగివేయనిదే తక్కిన వాయువును ఉత్ప్రేరకము దరికి రానీయరు. రానిచ్చినచో ఉత్ప్రేరకము చెడును. కనుక ద్రావణిచే కడుగుదురు. ఈ విద్య క్రొత్తది కాదు. 1930లోనే అమెరికాలో రాబర్టు బాటమ్సు అమీను ద్రావణికి పేటెంటు పొందెను. చల్లగా నున్నపుడు అది ఆమ్లవాయువులను పట్టుకొనును, కాచినచో విడిచిపెట్టును, చల్లార్చి మరల వాడుకొనవచ్చును. నూనెశుద్ధి కర్మాగారములందు హైడ్రోజను సల్ఫైడును తొలగించుటకును ఇదియే సాధనము. అచ్చట వ్యయమునుగూర్చి యెవరును గొణుగరు. గొట్టములు తుప్పుపట్టునను భయము వారిది.

మనుష్యుల ఊపిరితిత్తుల విషయమున మాత్రమే లెక్కలు మొదలగును!

బొగ్గు విద్యుత్కేంద్రముల పొగలోని సల్ఫరు డయాక్సైడునకు 2015 డిసెంబరు 7న కేంద్రప్రభుత్వమువారు హద్దు లేర్పరచి, పాత కేంద్రములకు రెండేండ్ల గడువిచ్చిరి. సున్నపురాతిపొడి కలిపిన నీటితో పొగను కడుగుట అందులకు ప్రసిద్ధమైన మార్గము. గడువు దాటెను, పెంచిరి, మరల పెంచిరి. తుదకు 2025 జూలై 11న, పొగగొట్టము తగినంత యెత్తుండిన చాలునని చెప్పి, నూటికి సుమారు 78 వంతుల కేంద్రములను విడిచిపుచ్చిరి. రాజధానీ ప్రాంతమునకుగాని, పదిలక్షల జనముగల నగరమునకుగాని 10 కిలోమీటర్లలోపున నున్నవి మాత్రము 2027 డిసెంబరునాటికి కడుగవలెనట. పదునొకండవ కిలోమీటరున కాపురమున్నవాని ముక్కు వేఱువిధముగా నిర్మింపబడినదా యని మేమడుగుచున్నాము.

మన బొగ్గున గంధకము తక్కువ యనుచున్నారు. నిజమే, కాని యేటేట కాల్చునది కోట్ల టన్నులు. కేంద్రముల చెంత గాలి హద్దులోనే యున్నదనుచున్నారు. ఉండకేమి? ఎత్తైన గొట్టము పొగను దూరమునకు పంపును. వందల మైళ్లు పోయి అది సల్ఫేటు ధూళియై పరుల గుండెలలో దిగును.

ఇక మూడవ వాదము విచిత్రమైనది. సున్నపురాతితో కడిగిన బొగ్గుపులుసు వాయువు పుట్టునట! పుట్టును. నూటికి అరవంతు గంధకముగల టన్ను బొగ్గు కాల్చిన 10 కిలోల సల్ఫరు డయాక్సైడు వెడలును. దానిని కడుగుటలో పుట్టునది 7 కిలోలు. ఆ బొగ్గు కాలుటవలననే వేయి కిలోలకు పైగా పుట్టుచున్నది. ఆ వేయిని మ్రింగి ఈ యేడింటికి దగ్గువారి శాస్త్రజ్ఞానమును మెచ్చుకొనవలసినదే. కడుగుటవలన మిగులు జిప్సము సిమెంటునకు పనికివచ్చునని మాత్రము వారు చెప్పరు.

మనలను పాలించిన ఆంగ్లేయులు తమ లండనులో బాటర్సీ విద్యుత్కేంద్రమును 1933లో నడపనారంభించినపుడే, పౌరుల గోలకు వెఱచి, థేమ్సు నీటితోను సుద్దతోను పొగను కడిగిరి. ఆ మురికినీటిని మరల థేమ్సులోనికే వదలిరి. అది వేఱు పాపము. ఐనను పౌరులు గోలపెట్టిరి, ప్రభువులు వినిరి.

మన తెలుగు పార్లమెంటు సభ్యులకు నోరున్నదా? తెలుగు జిల్లాలలో ఏ కేంద్రమును ఏ వర్గమున చేర్చిరో, ఎందుకు చేర్చిరో, ఏ గొట్టమునుండి దినమున కెంత గంధకము వెడలుచున్నదో, పేరుపేరున సభలో అడిగి సమాధానమును తెలుగులో ప్రకటింపవలెను.